కోపం మేపిన మేక

జకరయ్య దొడ్డికీ తీతు దొడ్డికీ నడుమ ఒక మట్టిగోడ ఉంది. ఆస్తి పంచుకున్న రోజున అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న గోడే. నడుము ఎత్తు ఉంటుంది, అంతే. అటువాళ్లు వండిన కూర ఇటువాళ్లు చెయ్యి చాచి అందుకోవాలి కదా, అందుకని పొట్టిగా కట్టారు.

జకరయ్య అన్న, తీతు తమ్ముడు. అన్న దొడ్లో ఒక తెల్లెద్దు, తమ్ముడి దొడ్లో ఒక నల్లటి కర్రెద్దు. ఇంటికి ఒక్క ఎద్దుతో సేద్యమేందని అడగబోతున్నారు, నాకు తెలుసు. వాళ్ల నాయన వదిలిపోయిన జత అది. చెరొకటి తీసుకున్నారు. దున్నేరోజు వస్తే రెంటినీ ఒకే కాడికి కట్టి ముందు ఒకరి చేను, ఆనక ఇంకొకరి చేను దున్నుకునేవాళ్లు. తెల్లెద్దు కుడిపక్క, కర్రెద్దు ఎడమపక్క. దూడలుగా ఉన్నప్పటి నుంచీ అంతే. ఇంకో ఎద్దుని తెచ్చి పక్కన కట్టారా, రెండూ మొండికేసి నిలబడతాయి, ములుగర్రతో పొడిచినా కదలవు.

ఇక జకరయ్య దొడ్లోనే, తెల్లెద్దు పక్కనే కట్టేసి ఉండేది మన మేకపోతు. ఎర్రటి ఒళ్లు, నల్లటి గడ్డం, ఆగని నోరు. తినడానికి ఎంత వాడేదో అడగడానికీ అంతే వాడేది. కాకి ఎందుకు అరిచింది, వాన ఎక్కణ్ణుంచి వచ్చింది, అయ్య ఎందుకు తుమ్మాడు, అన్నీ కావాలి దానికి. తెల్లెద్దు నెమరు ఆపకుండా ఏదో ఒకటి చెబుతూ ఉండేది.

ఒకరోజు జకరయ్య భార్య దీనమ్మ మేకపోతు వీపు నిమిరి, "ఈసారి కోతల పండక్కి వీణ్ణే దేవుడికి ఇచ్చేద్దామయ్యా" అంది. జకరయ్య సరేనన్నాడు.

మేకపోతుకి గర్వంతో గడ్డం నిలబడింది. దేవుడికి ఇచ్చేంత గొప్పవాణ్ణా నేను అనుకుంది. అయినా సంగతేందో కనుక్కోకుండా ఉండలేదు కదా. దొడ్డి వెనక కాలవలో పాస్టరయ్యగారి బాతు ఈదుతుంటే పిలిచింది. ఆ బాతు ఉండేది గుడి ఆవరణలోనే. గుడి సంగతులన్నీ దానికి కంఠతా వచ్చు. ఊరి సంగతులు ఇంకా బాగా వచ్చు.

"బాతు పిన్నీ, నన్ను దేవుడికి ఇస్తారంట. ఎందుకు?"

"స్తోత్రం నాయనా, మంచి మాట చెప్పావు. కోతలు అయిపోయాక అందరూ ఏదో ఒకటి తెచ్చి ఇస్తారు. కొందరు సజ్జలు, కొందరు గుమ్మడికాయలు, కొందరు కోళ్లు."

"ఇచ్చాక?"

"అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత అన్నిటినీ వేలం పాడతారు."

"పాడాక?"

"పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకుపోతారు."

"తీసుకుపోయాక?"

బాతు ముక్కుతో రెక్క సర్దుకుంది. "గుమ్మడికాయనైతే పులుసు పెట్టుకుంటారు" అంది.

"నా సంగతి అడుగుతున్నా పిన్నీ."

"పోయినేడు వచ్చిన మేకని నేను మళ్లీ చూడలేదు నాయనా. ఏం చెప్పమంటావ్."

మేకపోతుకి నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.  బాతుకి పాపమనిపించి, ఇంకేదైనా మంచి మాట చెబుదామని, "అందరి కానుకా లోపలికి పోదులే" అంది. "గుడి మెట్ల మీద ఇస్రాయేలు తాత నిలబడి ఉంటాడు. కానుక తెచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతాడు, 'అందరితో సమాధానమేనా?' అని."

"అంటే?"

"ఎవరిమీదా పగ లేదు కదా, ఎవరితోనూ మాటలు మానెయ్యలేదు కదా అని. అవునన్నవాళ్ల కానుక లోపలికి పోతుంది. కాదన్నవాళ్లది మెట్ల దగ్గరే ఆగిపోతుంది. మా గుడి కట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి."

"అబద్ధం చెప్పేస్తేనో?"

"వెనకాల ఊరంతా నిలబడి వింటుంటే ఎట్లా చెబుతారు నాయనా?"

మేకపోతు ఆలోచనలో పడింది. ఇన్నాళ్లూ దేనికి పడితే దానికి 'ఆ తర్వాత?' అని అడిగిన నోరు, ఆగిపోయాక ఏమవుతుందని మాత్రం అడగలేదు. కావలసిన మాట దొరికిపోయింది మరి. ఇంక ఎవరు మాత్రం అడుగుతారు.

కానుక ఆగిపోవాలంటే జకరయ్యకి ఎవరితోనైనా చెడాలి. జకరయ్యకేమో ఎవరితోనూ గొడవల్లేవు. అందుకని మేకపోతు ముందు కోపమంటే ఏందో నేర్చుకుందామని తెల్లెద్దు దగ్గర కూర్చుంది.

"మావా, కోపం ఎట్లా వస్తుంది?"

"దెబ్బ తగిలితే వస్తుంది."

"దెబ్బ మానితే?"

"మాకైతే పోతుంది. మనుషులు మాత్రం మానినచోటే గోక్కుంటా కూర్చుంటారు. ఎందుకో నాకూ తెలియదల్లుడూ."

ఆ మాట మేకపోతుకి బాగా నచ్చింది.

గోడ అవతల తీతు చిక్కుడు పందిరి ఉంది. ఎండాకాలమంతా కడవలతో నీళ్లు మోసి బతికించుకున్న పాదు. అప్పుడే పూత వేసింది. మేకపోతు మెడలో పలుపు వదులుగానే ఉంటుంది, తల వంచితే ఊడిపోతుంది. ఎవరూ లేని పూట చూసి, పేడకుప్ప ఎక్కి, గోడ దూకి, తీగలన్నీ మొదలంటా మేసేసి, మళ్లీ గోడ దూకి వచ్చి, పలుపులో తల దూర్చి కూర్చుంది. దాని ముఖం చూస్తే ఎవరికైనా దణ్ణం పెట్టబుద్ధవుతుంది.

తీతు వచ్చాడు. పందిరి చూశాడు. కొరికిన తీగ ఒకటి పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నీ మేకని కట్టేసుకోవచ్చుగా."

జకరయ్య బయటికొచ్చి చూశాడు. "కట్టేసే ఉందిగా. నీకు కనపడటంలా?"

"మరి నా పాదు ఎవరు తిన్నారు?"

"నన్నడుగుతావేందిరా? నేను తిన్నానా?"

అక్కడితో ఆగినా సరిపోయేది. తీతు ఒళ్లు మండి, "కావాలనే వదిలావు. పంపకంలో మంచి చేను నువ్వే తీసుకున్నావు, అదీ చాల్లేదా?" అన్నాడు. జకరయ్యకి తిక్క రేగింది. "అమ్మ పోయే పూట నువ్వెక్కడున్నావురా? ఇప్పుడొచ్చి పంపకాల గురించి మాట్లాడతన్నావు" అనేశాడు.

ఆ మాట ఎంత తప్పో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ పూట తీతు టౌనుకి మందులకి పోయాడు. పంపించింది జకరయ్యే. బస్సు దొరక్క, వచ్చేసరికి అమ్మ లేదు.

తీతు వెనక్కి తిరిగి గొడ్డలి తీసుకున్నాడు. కంపచెట్టు కొట్టుకొచ్చి గోడ పొడుగునా ముళ్లు పరిచాడు. జకరయ్య అటువైపు చూడటం మానేశాడు.

మేకపోతు బతికిపోయింది కానీ, దానికి ఒకటి అంతుపట్టలేదు. నాలుగు తీగలు కొరికితే ఇంత కోపం ఎట్లా వచ్చింది? తీగలకి తగ్గ కోపం కాదే ఇది.

"మావా" అంది తెల్లెద్దుతో. "చిక్కుడు పాదులోనుంచి వాళ్లమ్మ ఎట్లా వచ్చింది?"

తెల్లెద్దు మెడ తిప్పుకుంది. గోడవైపే చూస్తూ ఉంది.

అక్కణ్ణుంచి మేకపోతు పని పెరిగింది. కోపాన్ని ఒకసారి పుట్టిస్తే చాలదు, దాన్ని మేపాలి కూడా అని దానికి తొందరలోనే అర్థమైంది. ఊరికే వదిలేస్తే చిక్కిపోతుంది అది. అవతల తీతు దగ్గితే ఇవతల జకరయ్య ముద్ద నోట్లో పెట్టుకోకుండా వింటాడు. జ్వరం గానీ వచ్చిందేమోనని దీనమ్మని అడగబోయి నోరు మూసుకుంటాడు. తీతు చెరువు నుంచి కావిడి మోసుకొస్తూ అలవాటుకొద్దీ ముందు అన్న తొట్టి దగ్గర ఆగుతాడు. గుర్తొచ్చి ముందుకు పోతాడు. ఇవన్నీ చూసినప్పుడల్లా మేకపోతుకి భయం పట్టుకునేది. ఆ సాయంత్రమే వెళ్లి నాలుగు ముళ్లకంపలు కిందికి లాగి పడేసేది. తెల్లారితే తీతు అన్నే లాగాడనుకునేవాడు. తీతు మళ్లీ కంప వేస్తుంటే, చూడు ఎట్లా వేస్తున్నాడో అని జకరయ్య పళ్లు కొరికేవాడు. మేకపోతు హాయిగా పడుకునేది.

పొద్దుపోయేవేళ తెల్లెద్దు గోడ దగ్గరికి పోయి చిన్నగా రంకె వేసేది. అటునుంచి కర్రెద్దు పలికేది. ఇదొకటి ఉందే అనుకుంది మేకపోతు. ఎడ్లు కలిస్తే కాడి కలుస్తుంది, కాడి కలిస్తే మనుషులు కలుస్తారు.

"మావా, చెప్పకూడదనుకున్నా" అంది తెల్లెద్దుతో. "కర్రి మావ నీ గురించి ఏమంటున్నాడో తెలుసా?"

"ఏమంటున్నాడు?"

"కాడి బరువంతా తనే లాగుతున్నాడంట. నువ్వు ఊరికే మెడ ఆనించి పక్కన నడుస్తావంట."

తెల్లెద్దు నెమరు ఆపింది. ఎద్దుని అంతకంటే పెద్ద మాట అనలేరు. "వాడు అట్లా అన్నాడా?" అని రెండుసార్లు అడిగింది.

మేకపోతు గోడ ఎక్కి కర్రెద్దుకీ అదే మాట తిరగేసి చెప్పింది. ఆ సాయంత్రం నుంచి గోడకి అటూ ఇటూ రంకెల్లేవు.

ఈలోగా వాన పడింది. నల్లరేగడి చేలు బాగా నానాయి. పదును ఆరేలోపే దున్ని శనగ విత్తాలి, లేకపోతే ఏడాదంతా చేను ఖాళీ. జకరయ్య ఊళ్లో వేరేవాళ్ల ఎద్దు ఒకదాన్ని అడిగి తెచ్చి తెల్లెద్దు పక్కన కట్టాడు. తెల్లెద్దు కదల్లేదు. అటు తీతు కూడా ఇంకొకదాన్ని తెచ్చి కట్టాడు. కర్రెద్దు పడుకుంది. ఊళ్లో అందరి చేలల్లోనూ నాగళ్లు తిరుగుతున్నాయి, ఈ రెండు చేలు మాత్రం ఆరిపోతున్నాయి. జకరయ్య అరుగు మీద కూర్చుని ఆకాశం చూసేవాడు. తెల్లెద్దు మేత తగ్గించేసింది.

మేకపోతుకి జాలేసింది, వెయ్యకపోలేదు. కానీ మెడ తనది కదా.

కోతల పండుగ వచ్చింది. పొద్దున్నే దీనమ్మ మేకపోతుకి స్నానం చేయించి మెడలో బంతిపూల దండ వేసింది. జకరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పలుపు మెడకి బిగించి పట్టుకున్నాడు. మేకపోతు ఏమాత్రం బెదరకుండా ముందు నడిచింది. ఎట్లాగూ మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తా కదా, ఆ గుడి ఎట్లా ఉంటుందో చూసొద్దాం అనుకుంది.

గుడి మెట్ల దగ్గర సందడిగా ఉంది. సజ్జల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఇస్రాయేలు తాత పైమెట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"వందనాలు జకరయ్యా. అందరితో సమాధానమేనా?"

జకరయ్య నోరు తెరిచాడు. పలుపు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. వెనకున్నవాళ్లు ఎవరి గొంతు వాళ్లు సవరించుకున్నారు.

"లేదు తాతా" అన్నాడు చివరికి.

"ఎవరితో?"

"తమ్ముడితో."

అయిపోయింది, ఇంక ఇంటికే అని మేకపోతు వెనక్కి తిరిగింది. కానీ తాత తిట్టలేదు, పొమ్మనలేదు. జకరయ్య చేతిలోంచి పలుపు అందుకుని వరండా స్తంభానికి కట్టాడు. "నీ కానుక ఇక్కడే ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు. వెళ్లి రా" అన్నాడు. జకరయ్య తల వంచుకుని ఊళ్లోకి నడిచాడు.

మేకపోతు చెవులు నిక్కబొడుచుకున్నాయి. బాతు పక్కనే బియ్యం ఏరుకుంటోంది.

"పిన్నీ, మా అయ్య ఎక్కడికి పోతున్నాడు?"

"తమ్ముడి దగ్గరికి నాయనా, సమాధానపడటానికి. స్తోత్రం."

"కానుక ఆగిపోతుందన్నావుగా."

"ఆగింది కదా. ఆయన తిరిగొచ్చేదాకా ఆగుతుంది. వచ్చాక లోపలికి పోతుంది."

"ఆ సంగతి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా" అంది బాతు.

మేకపోతు పలుపు కొరికింది. తెగాక దాని ముక్క, బంతిపూల దండ మెడలో వేలాడుతుండగానే కాలవగట్టు మీద పరుగెత్తింది. వాళ్లు కలిసిపోయేలోపు ఇంకొక్కసారి చెడగొట్టాలి. ఒక్కసారి చాలు.

దొడ్డికి చేరేసరికి జకరయ్య అప్పటికే తీతు దడి దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి పోవడం లేదు, వెనక్కి రావడం లేదు. తీతు గుడికే పోలేదు. పోతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి కదా. నాగలి ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. అన్నని చూసి లేవబోయి, లేవలేదు.

"రా" అన్నాడు కాసేపటికి.

జకరయ్య లోపలికొచ్చాడు. ఇద్దరూ నేలవైపు చూస్తున్నారు. ఇదే సమయం అనుకుంది మేకపోతు. తిన్న పాదు మొదట్లో మళ్లీ పచ్చగా ఒక మొలక వేసింది, తీతు దాని చుట్టూ కంప నాటి కాపాడుకుంటున్నాడు. మేకపోతు పేడకుప్ప ఎక్కింది, ముళ్లమీదుగా దూకింది, కంప పక్కకి నెట్టి ఆ మొలకని కొరికేసింది.

తలెత్తి చూస్తే ఎదురుగా అన్నా, తమ్ముడూ ఇద్దరూ. ఇన్నాళ్లూ ఈ పని వాళ్లలో ఎవరూ లేనప్పుడే చేసింది.  ఇద్దరూ ఒకేచోట నిలబడి చూస్తారని దాని బుర్రకి తట్టలేదు.

"చూశావా తమ్ముడూ" అన్నాడు జకరయ్య. మోయలేని బరువు దించుకున్నవాడిలా ఉంది ఆయన గొంతు. "నేను వదల్లేదురా. ఇదే దూకుతోంది."

"నువ్వు వదిలావనుకున్నా" అన్నాడు తీతు. "ముళ్లు కూడా నువ్వే లాగావనుకున్నా."

"అంతా ఈ మేక చేసిన పని. మనదేం లేదు. పద, గుడికి పోదాం. అందరూ చూస్తుంటారు."

తీతు లేచాడు. పంచె దులుపుకున్నాడు. దడిదాకా వచ్చి ఆగిపోయాడు.

"అన్నా. పాదు మేక తిన్నది. మరి అమ్మ మాట?"

మేకపోతు నమలడం ఆపింది. తనకి అంతుపట్టనిది అదే.

జకరయ్యకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఆయన ఎడ్ల తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

"మేక ఆ మాట అనలేదు. నేనన్నాను" అన్నాడు. "నిన్ను మందులకి పంపింది నేనే. నువ్వు వచ్చేసరికి ఆలస్యమైంది. వీణ్ణి పంపకుండా ఉంటే చివరిచూపైనా దక్కేదే అని ఆ రోజునుంచీ నామీద నాకే కోపం. దాన్ని ఎవరికీ చెప్పుకోలేక నీ మీద పోశాను. తప్పయిందిరా తీతూ. చాలా తప్పయింది."

తీతు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. "చేను సంగతి నేనూ అనకూడదు" అన్నాడు ఆనక. "రాళ్ల చేను నేనే అడిగి తీసుకున్నా. నీకు పిల్లలు ఎక్కువని."

 దీనమ్మ గోడ అవతలనుంచి చూసి లోపలికి పోయింది.

జకరయ్య లేచి మేకపోతు మెడలోని పలుపు ముక్క పట్టుకుని తీతు చేతిలో పెట్టాడు. "ఇది నీది. పాదు నేను మళ్లీ పెడతా. కాపుకొచ్చేదాకా నీళ్లు నేనే మోస్తా."

"ఇది కానుకకి తెచ్చింది కదన్నా."

"నీది పాడుచేసినదాన్ని దేవుడికిచ్చి చేతులు దులుపుకోమంటావా? గుడికి సజ్జలు తీసుకుపోదాం, ఇద్దరం కలిపి. దీన్ని కోసుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం."

తీతు మేకపోతువైపు చూశాడు. మేకపోతు మూతికి ఇంకా చిక్కుడాకు అంటుకునే ఉంది. 

"ఉంచుకుంటా" అన్నాడు తీతు. "కొత్త పాదుకి ఎరువు దీనిదే వేద్దాం. తిన్నదంతా అట్లాగైనా తిరిగి ఇస్తుంది."

జకరయ్యకి నవ్వొచ్చింది. అన్నదమ్ములు సజ్జల బస్తా చెరోపక్క పట్టుకుని గుడికి పోయారు.

మర్నాడు తెల్లారగానే కాడి కట్టారు. చేలో ఇంకా కొంచెం పదును మిగిలి ఉంది. ఎడ్లు రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి కానీ ఒకదానివైపు ఒకటి చూడటం లేదు. సగం చేను దున్నేదాకా అంతే.

"నేను బరువు లాగడం లేదన్నావంటగా" అంది తెల్లెద్దు.

"నేనా?" అంది కర్రెద్దు. "నేను లాగడం లేదని నువ్వు కదా అన్నది."

"నేనెందుకంటాను?"

నాగటిచాలు చివర్లో రెండూ ఆగిపోయాయి. తీతు అదిలించినా కదల్లేదు. రెండూ ఒకేసారి ఊరివైపు తిరిగి చూశాయి.

సాయంత్రం కర్రెద్దు దొడ్డికి వచ్చింది. మేకపోతు ఇప్పుడు దాని పక్కనే, పొట్టి తాడుతో కట్టేసి ఉంది. తాడు బిగిసేదాకా లాగి గోడకి అతుక్కుపోయింది.

"పొడుస్తావా మావా?"

"పొడిస్తే ఏం లాభం?"

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు, బోలెడుంది. పొద్దున్నుంచీ కాడితోపాటు దాన్నీ మోశాను."

"మరి ఏం చేస్తావు?"

"నేను చేసేదేం లేదు. నువ్వే చెయ్యాలి. గోడ దాటి వెళ్లి మరీ అబద్ధం చెప్పొచ్చావు. నిజం కూడా అట్లాగే చెప్పు."

"తాడు అందదు మావా."

"గొంతు అందుతుంది."

మేకపోతు చుట్టూ చూసింది. కోళ్లు గంప చుట్టూ చేరి ఉన్నాయి. కాలవలో బాతు ఈదడం మానేసి తల ఇటు పెట్టుకుని నిలబడింది. దానికి తెలిస్తే ఊళ్లో కప్పలకి కూడా తెలుస్తుంది.

"తెల్ల మావా" అని అరిచింది మేకపోతు. "మొన్న ఏదో పొరపాటు జరిగింది."

"జరగలేదు. నువ్వు చేశావు" అంది కర్రెద్దు నెమ్మదిగా.

మేకపోతు ఈసారి ఇంకా గట్టిగా అరిచింది. "తెల్ల మావా, కర్రి మావ నిన్ను ఏమీ అనలేదు. నేనే కల్పించి చెప్పాను. పాదు మేసింది నేనే. ముళ్లు లాగింది నేనే. నీకు మేత సయించకుండా పోయింది నావల్లే. తప్పయింది."

 గోడ అవతలనుంచి తెల్లెద్దు గొంతు వినిపించింది.

"ఎందుకు చేశావురా అల్లుడూ?"

"చంపుతారని భయమేసింది మావా."

"ఆ భయమేదో నాకు చెప్పొచ్చుగా. పక్కనే ఉన్నాను కదరా ఇన్నాళ్లూ. రోజుకి వంద సంగతులు అడిగేవాడివి, ఆ ఒక్కటీ చెప్పలేదు."

 మేకపోతుకి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఇన్నాళ్లలో మొదటిసారి దానికి అడగడానికి ఏమీ తోచలేదు.

గోడ మీద కంప లేదు. తీతు పొద్దున్నే తీసి పొయ్యిలో పెట్టేశాడు. తెల్లెద్దు గోడమీదుగా మెడ చాచి, తన మేతలోంచి ఒక చొప్పకట్ట నోటితో పట్టి ఇవతల పడేసింది. అది సరిగ్గా మేకపోతు ముందు పడింది.

పక్కవాళ్ల కోపం మేపుకుంటూ బతుకుదామనుకున్న మేకని చివరికి బతికించింది వాళ్ల సమాధానమే.